వైరు చివరి మూత

భయం గుండెలో పుడుతుందంటారు. నాకు మాత్రం మోకాళ్లలో పుడుతుంది. ఆ రోజు పంజాగుట్టలో సేటు ఆఫీసు మెట్లు ఎక్కుతున్నప్పుడే మోకాళ్లు చెప్పేశాయి, ఇవాళ ఏదో అవుతుందని.

ఎనభైల చివరి మాట. అమీర్‌పేటలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. మా అబ్బాయి పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడింది. అప్పటినుంచి మా పొయ్యి వెలగాలంటే కోడలి జీతమే దిక్కు. ఆమె కంప్యూటరు కోర్సు నేర్చుకుని, మందుల హోల్‌సేల్ చేసే ఒక సేటు దగ్గర కొత్తగా చేరింది. కింద గోడౌను, పైన ఆఫీసు. ఏ మందు ఉంది, ఏది అయిపోయింది అని చీటీలు రాసి మెట్ల మీద పైకీ కిందికీ మోసేవాళ్లు. ఆ చీటీలు మెట్లెక్కకుండా వైరులోంచి పోవాలని సేటు కోరిక. కింద కొన్ని, పైన కొన్ని కంప్యూటర్లు పెట్టి, అన్నింటినీ ఒకే వైరుతో కలిపి, పైనున్న ఒకదాన్ని పోస్టాఫీసులాగా చేసింది మా కోడలు. ఎవరు ఎవరికి రాసినా అది ముందు అక్కడికి చేరాలి, అక్కడినుంచి అందాలి. దాన్ని మెయిల్ సర్వర్ అనేవాళ్లు.

ఆఫీసులో అందరూ మగవాళ్లే. అందుకని ఆ పని జరిగినన్ని రోజులూ నేను తోడు వెళ్లాను. బస్సు దండగ, నడిచే పోయేవాళ్లం. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. చిక్కుడుకాయలు పట్టుకుపోయి, స్టూలు మీద కూర్చుని ఈనెలు తీసేదాన్ని. నేను చదివింది మూడో తరగతి. అయినా కళ్లు ఉన్నాయి కదా. వైరు చివర, ఆ పోస్టాఫీసు మెషీను వెనకాల, బొటనవేలి కొనంత ఇనుప మూత ఒకటి కోడలు బిగించింది.

"దీని ఎనుక ఏం లేదు గదనే, ఎందుకిది?" అని అడిగాను.

"అది ఊడితే వైరు మొత్తం మూగబోతది అత్తమ్మా. ఒక మెషీన్ రాసింది ఇంకో మెషీన్‌కు అందది."

మొదలుపెట్టే రోజు సేటు పూజ పెట్టించాడు. ఆయన పెద్దన్న కూడా వచ్చాడు. పెట్టుబడి ఆ పెద్దన్నదే. ఈ వైర్ల పని ఆయనకు మొదటినుంచీ గిట్టదు. నాకు వినపడుతుందని తెలిసే మెట్ల మీద తమ్ముడితో అన్నాడు. "ఇయ్యాల నడిస్తే నడిసింది. లేకపోతే డబ్బాలు వాపస్ పంపి, గా పిల్లకు లెక్క కట్టియ్యి. చీటీలు మోస్తందుకు మనుషులున్నరు."

విననట్టే పక్కనుంచి పైకెక్కాను.

ఆడమనిషిని, పెద్దదాన్ని నేనే కావడంతో "పెద్దమ్మా, నీ చేతుల మీద కానియ్యి" అన్నాడు సేటు. కోడలు కింద గోడౌనులో మెషీను దగ్గర ఉంది. నేను పసుపు తడుపుతుంటే సేటుకు గుర్తొచ్చింది, పోస్టాఫీసు మెషీను పడమటి ముఖంగా ఉందని. "తూర్పు మొకాన ఉండాలె" అంటూ తానే దాన్ని తిప్పబోయాడు. వెనక మూత గోడకు తట్టుకుని తిరగలేదు. ఆయన ఆ మూతను మెలిపెట్టి తీసి పూలపళ్లెంలో పెట్టి, మెషీనును తూర్పుకు తిప్పాడు. నేను నోరు తెరిచాను. పెద్దన్న పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు మూసుకున్నాను. పూజయ్యాక పెట్టేస్తాడులే అనుకున్నాను.

పెట్టలేదు. హారతి అయింది, కొబ్బరికాయ కొట్టారు. మూత మందారాల కింద కనబడకుండా పోయింది. సేటు మెట్ల దగ్గరికి వెళ్లి "పంపు చెల్లె" అని కేకేశాడు. అందరూ తెర వంక చూశారు. ఏమీ రాలేదు.

కోడలు పరుగెత్తుకుంటూ పైకొచ్చింది. ఏదో టైపు చేసింది, కిందికి పోయింది, మళ్లీ వచ్చింది. ముఖమంతా చెమట. మెషీను వెనక మాత్రం చూడడం లేదు. పొద్దునే తన చేత్తో బిగించి చూసుకుంది మరి.

"ఏమాయె? పోస్ట్‌మన్ అలిగిండా?" అన్నాడు పెద్దన్న. ఒకరిద్దరు నవ్వారు.

"ఒక్క నిమిషం సార్."

"ఈపాటికి మన చీటీ రెండుసార్లు ఎక్కి దిగుతుండె."

మూత సంగతి నాకు తెలుసు. చెబితే, సేటే తన చేత్తో పాడుచేశాడని అన్న ముందు, పనివాళ్ల ముందు తేలుతుంది. అలా తలవంచుకున్న మనిషి రేపు మా కోడల్ని పనిలో ఉంచుకుంటాడా? చెప్పకపోతే తప్పు కోడలిదే. ఎటు చూసినా నాకు ఇంట్లో బియ్యం డబ్బా అడుగే కనబడుతోంది.

మాట ఎలా వచ్చిందో వచ్చింది. గొంతు మాత్రం ఇంట్లో కసిరే గొంతే.

"పూజ చేసిన్రు, ఉద్వాసన చెప్పకుండనే పనికి పెడ్తరా? పీట మీది దేవుణ్ణి జర కదపకుండ సామాన్లు ముట్టుకుంటరా ఎవరన్న?"

సేటు తడబడ్డాడు. "యాది మర్చినం పెద్దమ్మా."

"యథాస్థానం అంటరు గద. ఎక్కడిది అక్కడికి పోవాలె. మెషీన్ ఎట్లుండెనో అట్ల తిప్పుండ్రి మల్ల."

దేవుడి మాట వచ్చేసరికి పెద్దన్న కూడా చెయ్యి వేశాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి మెషీనును మెల్లగా పాత దిక్కుకు తిప్పారు. నేను పళ్లెంలో చెయ్యి పెట్టాను. మందారాల కింద చల్లగా తగిలింది. పూలతో కలిపి గుప్పిట్లోకి తీసుకుని కోడలి చేతుల్లో పోశాను.

"కండ్లకద్దుకొని మెషీన్ ఎనుక పెట్టు. ఎనుకనే. సమజైందా?"

ఆమె గుప్పిట మూసి, అట్లాగే ఆగిపోయింది. నా ముఖంలోకి ఒకసారి చూసి, మెషీనుకూ గోడకూ మధ్య వంగింది. నేను కొంగు సర్దుకుంటూ ఆమెకు అడ్డంగా నిలబడ్డాను. ఇంకేదైనా పాడై ఉంటే? నాకు తెలిసింది ఆ మూత ఒక్కటే. మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. చీర కుచ్చిళ్లు కదులుతుంటే ఎవరైనా చూస్తారేమోనని ఇంకో భయం.

కోడలు లేచి కిందికి దిగింది. కాసేపటికి తెర మీద అక్షరాలు వచ్చాయి. సేటు వంగి చదివాడు. "దగ్గు మందు అయిపోవస్తున్నదట."

"మరి తెప్పియ్యి," అన్నాడు పెద్దన్న, కొబ్బరి ముక్క నోట్లో వేసుకుంటూ. డబ్బాలు వాపస్ మాట మళ్లీ ఎత్తలేదు.

వచ్చేముందు కోడలి చేత ఆ మూతకు పసుపు దారం కట్టించాను. దారం దాన్ని ఊడకుండా ఆపలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ పసుపు దారం కట్టినదాన్ని ఆ ఆఫీసులో ఎవరూ మెలిపెట్టరు. ఆమె అక్కడ పనిచేసినన్నాళ్లూ, ఏ పండక్కి సేటు పూజ పెట్టినా, కొత్త దారం పసుపులో ముంచి ఆరబెట్టి ఆమె సంచిలో పెట్టేదాన్ని. అలాంటి రోజుల్లో ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పేదాకా నాకు ముద్ద దిగేది కాదు.