ఎవరు నొక్కారని అడగని మనిషి

కంప్యూటర్లు బాగుచేసే ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, మీటల మధ్య దుమ్ము ఊది మరీ పని మొదలుపెడతాడు. వైరస్ ఎలా వచ్చిందని మాత్రం ఏ ఇంట్లోనూ అడగడు. అడిగితే ఎవరో ఒకరు తల దించుకోవాలని ఆయనకు తెలుసు. ఆ రోజు తాతగారు, కొడుకు, కోడలు ఆయన వెనకే ఊపిరి బిగబట్టి నిలుచున్నారు. పదేళ్ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి మరి. వంటింట్లో గిన్నెలు తోముతూ బామ్మగారు, "అంతా ఆ తండ్రీకొడుకుల నిర్వాకమే," అని సణుగుతోంది. గంట తర్వాత తెర మీద మనవరాలి బోసినవ్వు కనబడగానే తాతగారు ఉండబట్టలేకపోయారు.

"బహుమతి వచ్చిందంటే నొక్కింది నేనే నాయనా."

"నేనూ నొక్కాను మామయ్యా," అంది కోడలు.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "నేను రెండుసార్లు నొక్కాను."

ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఆయనా నవ్వి, "నాకు దొరికినవి మాత్రం ఐదండీ," అన్నాడే కానీ, ఐదోది ఎవరిదని అప్పుడూ అడగలేదు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.