వాపు చల్లారేదాకా

మా ఊరి బ్రూస్‌పేటలో ఒక డాక్టరయ్య ఉండేవాడు. ఎవరొచ్చినా రెండు చేతుల నాడి ఒకేసారి పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. మా చిన్నత్తకు ఒక చేతి నాడి అందలేదు. రక్తనాళాలకు వాపు జబ్బట. కడుపులో పెద్ద నాళం బుడగలా ఉబ్బింది.

"అది పగిలితే మనిషి దక్కదు సార్, రేపే మద్రాసులో కోయిస్తా," అన్నాడు మామ.

"నానిన కాలవగట్టు మీద కొత్త మన్నేస్తే నిలుస్తాదేమప్పా? వాపు మీద కుట్లేస్తే నాళం తెగిపోతాది. కొంచెం తాళప్పా," అన్నాడాయన.

మాత్రలిచ్చాడు. మామ ఎంత ఎగిరినా కదలలేదు. వాపు చల్లారాకే మద్రాసుకు పంపాడు. అక్కడ ఉబ్బిన చోటు కోసి తీసేసి, నాళం బదులు గుడ్డతో చేసిన గొట్టం కుట్టారు.

చిన్నత్త నడుచుకుంటూ తిరిగొచ్చింది. మామ దండం పెడితే, "నేనేం చేస్తినప్పా? నిన్ను ఆపితిని, అంతే," అన్నాడు డాక్టరయ్య.

చిన్నత్త పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈయప్పను ఆపేది చిన్న పనా సార్? పెళ్లయినప్పటినుంచి నా వల్ల కాలే!"