బెంగాలీ అక్షరాల్లో తెలుగు ఉత్తరం

కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా సందులో ఎవరికి తెలుగు ఉత్తరం వచ్చినా నేనే చదివిపెట్టాలి, జవాబూ నేనే రాయాలి. ఓడరేవు డాకులో పని దిగగానే యూనియన్ మీటింగు, ఆదివారం ఊరేగింపు, మధ్యలో ఎవరిదో రేషన్ కార్డు. చిన్నా పెద్దా అందరికీ నేను 'దాదా'నే, అంటే బెంగాలీలో అన్న. ఆ పిలుపు వింటే చాలు, ఉబ్బిపోయేవాణ్ణి.

మా అమ్మాయి బెంగాలీ బడిలో ఐదో తరగతి. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరం రాదు. వాళ్ళమ్మకీ రాదు. "నాన్నా, నాకు తెలుగు రాయడం నేర్పవా?" అని అడిగినప్పుడల్లా "హొబే, హొబే" అనేవాణ్ణి. అవుతుందిలే అని దానర్థం. ఎప్పుడవుతుందో చెప్పనక్కర్లేని మాట అది, నాలాంటివాడికి భలే పనికొస్తుంది.

ఆ వేసవిలో శ్రీకాకుళం వైపు మా ఊరి నుంచి అక్క వచ్చింది. హౌరాలో దిగి ఇంటికొచ్చి, మంచినీళ్ళైనా తాగకుండా సంచిలోంచి ఒక ఇన్‌లాండ్ కవరు తీసి నా చేతిలో పెట్టింది.

"నీ కూతురు రాసిందిరా. ఊరంతా తిప్పాను, ఎవులికీ బోధపడనేదు. ఏటి రాసిందో సదువు."

చిరునామా ఇంగ్లీషులో ఉంది కనుక చేరింది. లోపలంతా బెంగాలీ అక్షరాలు. కూడబలుక్కుని చదివితే అది తెలుగే! నవ్వొచ్చింది. పైకి చదవబోతే అమ్మాయి "వద్దు నాన్నా" అంటూ లాక్కోబోయింది. నేను చెయ్యి పైకెత్తి మరీ చదివాను.

"అత్తా, నాన్నకి అందరి పనులూ ఉన్నాయి. నాకు తెలుగు నేర్పడానికి ఖాళీ లేదు. నువ్వొచ్చి నేర్పుతావా?"

అక్క నవ్వలేదు. "నాకే అచ్చరమ్ముక్క రాదు గదరా," అంది. "ఇంట్లో నిన్నెట్టుకుని నన్నడగడవేటి?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఏది ముఖ్యమో నేనెప్పుడూ ఆలోచించి ఎంచుకోలేదు. ఎవరు గట్టిగా పిలిస్తే వాళ్ళ పనే ముఖ్యమనుకున్నాను. ఇంట్లో మెల్లగా అడిగే గొంతు నా చెవికెక్కలేదు.

మర్నాడు యూనియన్‌లో నా బాధ్యత వేరొకరికి అప్పగించాను. దాదాకి పొగరెక్కిందన్నారు. బాధేసింది, అబద్ధం చెప్పను. ఉత్తరాలు మాత్రం మానలేదు, వాటిని ఆదివారం పొద్దుటికి సరిపెట్టాను. సాయంత్రాలు అమ్మాయివి.

మొదటిరోజు కొత్త నోటుబుక్కులో 'అ' రాయించాను. అది దిద్దుతూ, బయట అడుగుల చప్పుడైనప్పుడల్లా గుమ్మం వైపు చూసేది, నన్నెవరైనా పిలుస్తారేమోనని. అలా చూడడం మానడానికి దానికి నెల పట్టింది.