కంప అవతల గోదావరి

నా మనవలను గోదావరి చూడనివ్వలేదు. ఏటి ఒడ్డు పల్లెవాళ్లు దారికి అడ్డంగా తుమ్మకంప కొట్టారు.

లాక్‌డౌన్‌లో గోదావరిఖని క్వార్టర్‌లో నెలరోజులుగా మగ్గుతున్న పిల్లలిద్దరూ ఆ పొద్దున ఒకటే ఏడుపు. సడలింపు వేళే కదా అని కారెక్కించి బయల్దేరాను. బొగ్గుబాయిలో పనికి చేరిన కొత్తలో నేను రోజూ డ్యూటీకి నడిచిన బాట అది. అప్పుడు దానికి తారు కూడా లేదు.

కంప వెనక ఒక ముసలామె కర్ర పట్టుకుని కూర్చుంది.

"నువ్వు ఈ ఊరికి కోడలుగ రాకముందు నేను నడిచిన బాట అక్కా ఇది. కంప తియ్యి!"

"తియ్య. వాపస్ పో అన్నా."

నాకు పెద్ద చదువు లేదు. అయినా జబ్బు ఎట్లా అంటుకుంటుందో పేపర్లో చదివిందంతా చెప్పాను. అద్దాలు దించం, కారు దిగం అన్నాను. ఆమె వినకుండా ఇంట్లోకి పోయి, తాటాకులో ముంజలు తెచ్చి, కర్రతో కంప కింది నుంచి మావైపు నెట్టింది.

"పోరగాళ్లు ఉత్త చేతులతోటి పోవద్దు."

నాకు ఒళ్లు మండింది. "ముంజలు పెడ్తవు, బాట ఇయ్యవు! ఇదేం మర్యాద?"

"నిన్న నా బిడ్డకు గూడ గిట్లనే పెట్టి వాపస్ పంపిన అన్నా. దాని సంకల పిల్లగాడు ఏడుస్తనే ఉండె."