ఏటి ఒడ్డున మగ్గం గుంత

నేను అయిదో తరగతి దాకా చదివాను. రాయడం అలవాటు లేదు. మేము ఇల్లు కొన్న సంగతి ఒకటి చెప్పాలనిపించింది, నాకు వచ్చినట్టు రాస్తున్నాను.

మాది మగ్గం నేసే ఇల్లు. మా ఆయన నాకు సొంత మేనమామ. అందుకే ఇప్పటికీ మామా అనే పిలుస్తాను. ఆయన చీరలు నేస్తాడు, నేను నూలు కండెలకు చుట్టి ఇస్తాను. మా మగ్గానికి నేలలో గుంత కావాలి. నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేస్తాడు. గుంత లేకపోతే మగ్గం లేదు.

పొద్దుటూరులో బాడుగ ఇండ్లలో ఉన్నన్నాళ్లూ ఈ గుంతతోనే తంటా. ఇల్లు అడగడానికి పోతే ముందు బాగానే మాట్లాడేవాళ్లు. మగ్గం అనగానే ముఖం మారేది.

"నా ఇంట్లో గుంత తవ్వుతారా? రేపు మీరు పోతే దాంట్లో నేను పండుకోవాల్నా?" అని ఒకామె మొహం మీదే అడిగింది.

ఎవరైనా ఒప్పుకుంటే బండలు లేపి తవ్వుకునేవాళ్లం. ఖాళీ చేసేటప్పుడు పూడ్చి, బండలు మళ్లీ పరిపించి పోయేవాళ్లం. చివరి ఇంటాయన కొడుక్కి పెళ్లి కుదిరి ఇల్లు కావాలన్నాడు. ఆ గుంత పూడుస్తూ మామ అన్నాడు: "ఇంగ తవ్వితే మన ఇంట్లోనే తవ్వాల. లేకుంటే మగ్గం అమ్మేసి చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీకి పోయి మూటలెత్తుకుంటా."

ఆయన ఊరికే అనే మనిషి కాదు.

పొద్దుటూరులో కొనే తాహతు మాకు లేదు. జమ్మలమడుగు దోవలో, పెన్న ఏటి ఒడ్డున ఒక చిన్న ఊర్లో మట్టి మిద్దె ఒకటి అమ్ముతున్నారని తెలిసి పోయాం. ఎండాకాలం. ఏరంతా ఇసుకే. ఇల్లు ఊరి చివర, ఏటి వైపు ఉంది. రాతి గోడలు, పైన మట్టి కప్పు, నేలకు నాపరాళ్లు. మామ తలుపులు, కిటికీలు చూడలేదు. దూలాలు చూశాడు, మగ్గం తాళ్లు వాటికే కట్టాలి. తర్వాత మడమతో బండను తట్టి, "కింద మన్నా, రాయా?" అని అడిగాడు.

"మన్నే అప్పా, మెత్తటి మన్ను. యాడ తవ్వినా పార దిగుతాది" అన్నాడు అమ్మే ఆయన.

మాకు అంతకంటే మంచి మాట ఇంకొకటి లేదు.

ఆ ఊర్లో ఇల్లు అమ్మాలంటే ముందు గోడ కలిసిన ఇంటివాళ్లను అడగాలి. వాళ్లు మాకొద్దు అంటేనే బయటివాళ్లకు ఇస్తారు. ఆ ఇంటి గోడకు అవతల ఒక అవ్వ ఒక్కతే ఉంది. అమ్మే ఆయన మమ్మల్ని ఆమె దగ్గరికి పిలుచుకుపోయాడు. వాకిట్లో శనక్కాయలు వొలుస్తూ తలెత్తి చూసింది.

"ఏం పనబ్బీ మీది?"

"మగ్గం, అవ్వా" అన్నాడు మామ.

"టకటకమంటాదే, అదేనా?"

"అదే."

"సరే, కొనుక్కోండి. నేనొక్కదాన్నే ఉండా, సప్పుడన్నా ఉంటాది."

ఏటి సంగతి అప్పుడే అడిగి ఉండాల్సింది. పుట్టినప్పటి నుంచి ఇంట్లో గుంత చూస్తూ పెరిగిన వాళ్లం. దాని గురించి అడగాల్సింది ఉంటుందని మాకు తోచలేదు.

పాలు పొంగించిన మరునాడే బండలు లేపాం. పార నిజంగానే దిగింది. మామ గుంత అంచులకు రాళ్లు కట్టి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, నిలువు దారాల పడుగు సాగదీశాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది.

వానలు పడ్డాక పైన డ్యాము గేట్లు ఎత్తారు. ఊరంతా ఏరు చూడటానికి పోతే నేనూ పోయాను. ఇసుక కనిపించలేదు, ఎర్రటి నీళ్లు ఆ గట్టు దాకా ఉన్నాయి. ఈ వైపు ఒడ్డు దాటలేదు. ఇంటికి వచ్చేసరికి మామ మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు. గుంతలో మోకాలి లోతు నీళ్లు. తొక్కే కర్రలు మునిగిపోయాయి.

"కడవ గిన బోర్లబడిందేమో అనుకుంటి. ఎత్తి పోసే కొద్దీ ఊరుతాంది" అన్నాడు.

బకెట్ కోసం అవ్వను అడిగాను. ఆమె బకెట్ తెచ్చి, గుంతలోకి తొంగి చూసింది.

"ఏందబ్బీ, నట్టింట్లో చెలమ తీసినావు?"

తాగే నీళ్ల కోసం ఏటి ఇసుకలో తవ్వే గుంటను చెలమ అంటారు. మామకు నవ్వు రాలేదు.

"ఈడ నీళ్లూరుతాయని ముందే ఒక మాట చెప్పకూడదా అవ్వా?"

"ఇంట్లో గుంత తవ్వుకుంటారని నాకేమెరుక? మా ఊర్లో సచ్చినోళ్లకు గూడా ఎత్తు గడ్డ మీదికి పోయే తవ్వుతారు."

రెండు రోజులకు పడుగు చెమ్మ పట్టి, దారాలు తెగడం మొదలైంది. మామ గడప మీద కూర్చున్నాడు.

"అమ్మేద్దాం మే."

"నీళ్లూరే ఇల్లు ఎవురు కొంటారు మామా?"

"గుంత తవ్వనోళ్లు కొంటారు."

"మనమేం చేస్తాం?"

"చెప్పినా గదా. చిలమకూరు."

నేను అవ్వ బకెట్ ఇచ్చి రావడానికి పోయాను. ఆమె ఇంట్లో జొన్న మూటలు నేల మీద లేవు. రాళ్లు పేర్చి, వాటి మీద బండలు పరిచి, మూటలు వాటి మీద పెట్టుకుంది. ఎందుకని అడిగితే, "ఏరొచ్చినప్పుడు నేల చెమ్మ గక్కుతాదమ్మీ. మేము కిందేం పెట్టం" అంది.

ఆ బండ నా మోకాలి పైదాకా వచ్చింది. ఇంటికి వచ్చి మామకు చెప్పాను.

"గుంత కిందికి తవ్వేది ఎందుకు? నువ్వు కూచునే చోటు ఎత్తు చేస్తే కాళ్లకు లోతు దొరకదా?"

"మగ్గం మిద్దె మీదికెక్కించినట్ల ఉంటాది. చూసినోళ్లు నగుతారు."

"నగనీ. ఖాళీ చెయ్యమని అనరు గదా."

ఆయన చాలాసేపు దూలాల వైపు చూశాడు. తర్వాత లేచి, చెయ్యి పైకి చాపి ఎత్తు చూసుకున్నాడు.

ఏరు తగ్గాక గుంత పూడ్చాం, కొంచెం లోతు మాత్రం ఉంచాం. చుట్టూ నాపరాళ్లు నిలబెట్టి, వెనక మట్టి పోసి గట్టిగా కొట్టి అరుగు కట్టాం. ఎక్కడానికి మెట్లు పెట్టాం. మామ మగ్గం పైకి జరిపి, తాళ్లు కురచ చేసుకున్నాడు. పాడైన పడుగు తీసేశాం. నూలిచ్చే సావుకారు దగ్గర మాటలు పడి కొత్తది తెచ్చుకున్నాం.

మొదటి చీర సగంలో ఉండగా మళ్లీ గేట్లు ఎత్తారు. ఆ రోజు ఏరు చూడటానికి పోలేదు. మామ మగ్గం ఆపి, "చూడు మే" అన్నాడు. వంగి, గుంత అడుగున చెయ్యి పెట్టాను. మట్టి చేతికి అంటుకుంది. కర్రలు పొడిగా ఉన్నాయి.

"చెమ్మ ఉంది. నీళ్లు లేవు."

ఆయన మళ్లీ తొక్కాడు.

సప్పుడు ఆగి మళ్లీ మొదలయ్యేసరికి అవ్వ వచ్చింది. గుమ్మంలో నిలబడి తలెత్తి చూసింది.

"ఏమబ్బీ, దేవుని మాదిరి పైకెక్కి కూచున్నావు. టెంకాయ కొట్టాల్నా?"

"కొట్టవ్వా. కొట్టి, చిప్పలు ఈడ్నే పెట్టిపో" అన్నాడు మామ, అడ్డదారం వేసే నాడె ఆపకుండా.

కొన్నాళ్లకు ఆ చీర మగ్గం మీంచి కోసి సావుకారు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మడత విప్పి, వెలుతురులో తిప్పి చూసి, వంక పెట్టకుండా పక్కన పెట్టుకున్నాడు. తర్వాతి పడుగుకు నూలు తూకం వేయించాడు.