కొత్త వత్తి

మా వదిన ఇంట్లో కొవ్వొత్తులు పోసి అమ్ముతుంది. మైనం ఎక్కడ కొన్నా పట్టించుకోదు గానీ, కొత్త వత్తి చుట్ట తెస్తే మాత్రం ముందు ఒక గాజుగ్లాసులో పోసి, అడుగుదాకా వెలిగించి చూశాకే మిగతావి పోస్తుంది. వత్తి లావైతే మంట పెద్దదై గాజు పగులుతుందని ఆమె భయం.

"నీది జాగ్రత్త కాదే, జబ్బు. నీడను చూసినా జడుసుకుంటావు" అని మా అమ్మ కోడల్ని దెప్పేది. నేనూ నవ్వేదాన్ని.

ఒకరోజు సన్న వత్తి లేదని దుకాణదారు లావుది అంటగట్టాడు. వదిన పరీక్షకని ఒక గ్లాసు పోసి, అలమారలో పెట్టి, మైనం కోసం బజారుకెళ్ళింది. అంతలో కరెంటు పోయింది. అమ్మ ఆ గ్లాసే తీసి, పళ్ళెంలో పెట్టి వెలిగించింది.

కాసేపటికి టప్పుమని చప్పుడైంది. పరుగెత్తుకొచ్చి చూస్తే గ్లాసు నిలువునా పగిలి, పళ్ళెంనిండా మైనం మండుతోంది. అమ్మ చెంబుతో నీళ్ళు ఎత్తింది.

"అత్తయ్యా, పోయకండి! మంట మొహం మీదకి లేస్తుంది!"

గుమ్మంలో సంచీ పారేసి వదిన ఒక్క అంగలో వచ్చింది. పెద్ద గిన్నె మూత తీసి పళ్ళెం మీద బోర్లించింది. మంట ఆరింది. అమ్మ చెంబు కింద పెట్టింది.

ఇప్పుడూ వదిన కొత్త వత్తిని వెలిగించే చూస్తుంది. అది ఆరేదాకా అమ్మ ఒళ్ళో మూత పెట్టుకుని ఎదురుగా కూర్చుంటుంది. అన్నానికి పిలిచినా లేవదు.