ఒళ్లో టికెట్టు

కువైట్‌లో కారు నడిపే మా అన్న మా పాపకని ఒక కుర్చీ పంపించాడు. కార్లో పిల్లల్ని కూర్చోబెట్టి బెల్టు బిగించే కుర్చీ. నంద్యాలలో మాకు కారు మాట అటుంచి, సరైన సైకిలే లేదు. అందుకని పాప అందులో కూర్చుని అన్నం తినేది. ఇరుగుపొరుగు వచ్చి చూసి, తట్టి చూసి పోయేవాళ్లు.

ఎనభైల్లో పాపకు హైదరాబాదులో కంటి ఆపరేషన్ పడింది. ఇంటికి పోయేటప్పుడు తల కుదపకూడదని, ఒళ్లో పడుకోబెట్టకుండా ఆనించి కూర్చోబెట్టాలని డాక్టరు ముందే చెప్పాడు. ఆ రోడ్ల మీద బస్సు సంగతి తలచుకుంటేనే భయమేసింది. అప్పట్లో కడపకు ఒక చిన్న విమానం వచ్చేది. తిరుగు ప్రయాణం అందులోనే అనుకున్నాం, కుర్చీ వెంట తీసుకుపోయాం. మాకు తోడు వచ్చింది మా నాయన, ఆళ్లగడ్డలో చర్చి పెద్ద. విమానం ఎక్కబోతున్నానని ఆయన ఊరంతా చెప్పి బయల్దేరాడు.

టికెట్లు నేనే తీశాను. కౌంటర్లో పాపకు ఎన్నేళ్లని అడిగితే, "రెండు నిండలేదు సార్" అనేశాను. రెండు లోపైతే ఒళ్లో టికెట్టు, డబ్బు చాలా తక్కువ. రెండు నిండి చాలా నెలలైంది. మా నంద్యాల బస్సుల్లో కండక్టరుకు పిల్లల వయసు తగ్గించి చెప్పడం అబద్ధం కిందికి రాదు. కాళ్లు నేలకు తగిలే పిల్లల్ని కూడా ఒళ్లోకి లాక్కుంటాం. బళ్లో నీతికథలు చెప్పే టీచర్నయినా నాకూ ఎన్నడూ తప్పనిపించలేదు. ఒళ్లో పిల్లకు విమానంలో సీటే ఉండదన్న సంగతి తట్టనేలేదు. బస్సులో మాదిరి కాస్త జరిగి కూర్చుంటే సరిపోతుందనుకున్నాను.

లోపల వంగి నడవాల్సి వచ్చింది. అన్ని సీట్లూ నిండిపోయాయి. కుర్చీని చూసి విమానం మనిషి ఆపాడు.

"ఈ పాపకు సీటు లేదమ్మా. ఒళ్లో పెట్టుకోండి. కుర్చీ సామాన్లలో వేస్తాం."

"కంటి ఆపరేషన్ అయింది సార్. తల కదలకూడదు."

"మరి సీటు తీసుకోవాల్సింది కదా. ఎన్నేళ్లు పాపకు?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. "ఏడాదిన్నర" అన్నాను.

కంటికి కట్టుతో ఉన్న పాప, నేను ఇంట్లో నేర్పినట్టే రెండు వేళ్లు చూపించి, "రెండేళ్లు" అని గట్టిగా చెప్పింది. వెనక ఎవరో నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాయన నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. అప్పటికే పెట్టుకున్న బెల్టు విప్పి లేచాడు.

"నా సీటు పాపకియ్యప్పా. నేను బస్సులో పోతా."

"వద్దు నాయనా" అన్నాను. అన్నానే గానీ చెయ్యి పట్టి ఆపలేదు.

"పాప కన్నే కదమ్మా మనకు కావాల్సింది."

కుర్చీని తన సీట్లో పెట్టి, బెల్టును దాని వెనకనుంచి దూర్చి, గట్టిగా లాగి, కదలడం లేదని తేల్చుకున్నాకే దిగిపోయాడు. పాప దారంతా నిద్రపోయింది. కడపలో మా ఆయన కారు మాట్లాడి పెట్టాడు. అదే కుర్చీలో నంద్యాల చేరాం.

తర్వాతి ఆదివారం ఆళ్లగడ్డ పోయాను. ఆరాధన అయ్యాక అందరూ నాయన చుట్టూ చేరారు. పాపను ఎత్తుకుని నేనూ అక్కడే ఉన్నాను. ఆయన బస్సులో వచ్చానంటే ఎందుకని అడుగుతారు. ఊళ్లో ఎవరికి సాక్ష్యం కావాలన్నా ఆయన్నే పిలిచేవాళ్లు, మాట మార్చడని. ఇక నా అబద్ధం అందరికీ తెలిసిపోతుందనుకున్నాను.

"పెద్దాయనా, విమానం ఎట్లుండె?" అని ఒకరు అడిగారు.

"బాగుండెప్పా. కిందికి చూస్తే కృష్ణ సన్నగా కనపడె."

"భయం గాలేదా?"

"ఏం భయం? పాప పక్కనే కూసోని వచ్చినా కదా" అంటూ నా చేతుల్లోంచి పాపను తీసుకున్నాడు. చర్చి వాకిట్లో, అందరి ముందు, మా నాయన నాకోసం అబద్ధమాడాడు. నేను తల ఎత్తలేకపోయాను.